గడి మధ్య నుంచి గడి మధ్యకి

కౌనస్‌లో నవంబరు. నాలుగింటికే చీకటి.
మూడో అంతస్తులో హీటరు పక్కన కూర్చుని
రోజుకి రెండొందల సార్లు
ఒకణ్ణి చంపడం నా ఉద్యోగం.
వాడికి పేరు లేదు.
పదకొండో వరస, ఏడో గడి,
ముందు నడుమెత్తు ఇటుక గోడ.

నా వైపు గూడ్లగూబ ఉంది, నీళ్ళ ట్యాంకు మీద,
పొడుగు తుపాకీతో.
కదిలిన వంతులో అది కాల్చకూడదు.
ఎత్తులో ఉంది కనక ఇరవై కలుపు,
వాడికి గోడ అడ్డు కనక నలభై తీసెయ్యి,
పొగ లేచిందా, ఇక లెక్కే వద్దు.
వాడు గోడ దాటి వచ్చాక
తెర మీద తొంభై ఐదు శాతం అని పడుతుంది.
పేలుస్తాను. తప్పుతుంది.
తొంభై ఐదంటే ఖాయమని కాదమ్మా, అంటాడు వైదోటస్,
ఇరవైలో ఒకటి ఎప్పుడూ మిగిలే ఉంటుంది,
అది నీ కోసమే కాచుక్కూర్చుంటుంది.

గూడ్లగూబ తూటా ఊరు దాటుతుంది,
చూపు మాత్రం వీధి దాటదు.
అందుకని పిచ్చుకని పంపుతాం.
పిచ్చుక కుర్రాడు, వాడి దగ్గరున్నది పిస్తోలు, పరుగు.
మూల దాకా ఉరికి, తల ఇంత బయటపెట్టి చూస్తాడు.
వాడికి కనపడితే చాలు, ట్యాంకు మీద దీనికీ కనపడ్డట్టే.
చూసినవాడు కాల్చడు,
కాల్చింది చూడలేదు.
పాపం ఎవరి పద్దులో రాయాలో
నా స్ప్రెడ్‌షీటులో గడి లేదు.

మంగళవారం దొరికింది తప్పు.
ట్యాంకు నుంచి వాడి దాకా గీత గీస్తే
గోడకీ గోడకీ సందులోంచి దూరిపోయింది.
వాడి నుంచి ట్యాంకు దాకా గీస్తే
అవే రెండు చివరలు,
మూల ఇటుకకి కొట్టుకుని ఆగిపోయింది.
నేను వాణ్ణి చూస్తున్నాను.
వాడికి నేను లేను.

వైదోటస్ టీ కప్పుతో వచ్చి వంగి చూశాడు.
సరిగ్గా అర గడి దగ్గర
అంకెని ఒక పక్కకి తోసేస్తున్నాం, అన్నాడు,
ఇటు నుంచి వస్తే ఆ పక్కకి, అటు నుంచి వస్తే ఈ పక్కకి.
మఫ్లర్‌లోంచి ఆకుపచ్చ ఊలు దారం ఒకటి పీకి
ఒక కొస నా వేలికి చుట్టాడు.
లాగు, అన్నాడు.
నువ్వు లాగినా నేను లాగినా ఒకటే దారం కదా.
చూపు కూడా అంతే ఉండాలి.

మూడు వారాలు నిద్ర మానుకుని సరిచేశాడు.
శుక్రవారం మీటింగులో దానుతె అడిగింది,
పాతది ఏమైంది?
ఆడి చూసినవాళ్ళంతా అదే బాగుందంటున్నారు.

తప్పుకి పేరు పెట్టారు.
మూసిన కన్ను బొమ్మ ఒకటి గీయించారు.
ఇప్పుడది గూడ్లగూబ విద్య,
నాలుగో స్థాయిలో, మూడొందల నాణేలకి.
వైదోటస్ ఏమీ అనలేదు.
దారం ముక్క వాడి కీబోర్డు కింద
ఇంకా అలాగే ఉంది.

ఇంటికొచ్చి, లైటు వెయ్యకుండా,
కోటు కూడా విప్పకుండా
వంటగది కిటికీ దగ్గర నిలబడ్డాను.
ఎదుటి భవనంలో ఒకావిడ
బీట్‌రూట్ చెక్కు తీస్తోంది, మణికట్టు దాకా ఎరుపు.
మధ్యలో ఆకులు రాలిన లిండెన్ చెట్టు,
సగం అడ్డు కూడా కాదు, పావు.
పన్నెండు గడులుంటుందేమో.
నాది కింది అంతస్తు, ఎత్తు కలవదు.
ఆవిడ కదలడం లేదు.
డెబ్భై ఒకటి,
అంది నా తల, ఎవరూ అడక్కుండానే.

సిగ్గేసింది.
గోడ తడుముకుని లైటు వేశాను.
ఆవిడ తలెత్తింది. కత్తి ఆగింది.
నా కోటు, నా ముఖం, నా వెనక కడగని గిన్నెలు,
అన్నీ ఆవిడ కిటికీలోకి వెళ్ళిపోయాయి.
చెయ్యి ఊపుదామా అని నేను తేల్చుకునేలోపు
తెర లాగేసింది.

ఆవిడ వంతు అయిపోయింది.
నాది మిగిలింది.
టీకి నీళ్ళు పెట్టాను.